ఈకలు వచ్చేదాకా

మా అమ్మకి నలభై ఏళ్ళుగా కోళ్ళున్నాయి. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు ముప్ఫై ఆరేళ్ళు పట్టింది. నా పిహెచ్‌డి స్త్రీల సాహిత్యంలో ఇంటిచాకిరీ మీద. విమల ‘వంటిల్లు’ దగ్గర మొదలుపెట్టి వంటింటి గురించి అరవై పేజీలు రాశాను. ఆ వంటింటి వెనక తలుపు తీస్తే కనబడే కోళ్ళగూడు అందులో ఎక్కడా లేదు. అప్లికేషన్ ఫీజు నుంచి టైపింగ్ ఖర్చు దాకా ఆ గూటిలోంచి వచ్చిన గుడ్ల డబ్బులే మరి.

పోయినేడు కాలేజీవాళ్ళు నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఊరికొచ్చేశాను. ఆ ఎండాకాలమే కొక్కెర తెగులొచ్చి అమ్మ నాటుకోళ్ళన్నీ పోయాయి. జులైలో ముప్ఫై వనరాజా పిల్లల్ని కొనుక్కొచ్చింది. పెరటి పెంపకం కోసం రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన రకం అది. ఒక్కరోజు పిల్లలు. నాటుకోడి అయితే ఇరవై ఒక్క రోజులు పొదిగి, పిల్లల్ని రెక్కల కింద దాచుకుని, పెద్దయ్యాక తనే పొడిచి తరుముతుంది. వీటికి తల్లి లేదు. ఆ పని వంద వాట్ల బల్బు చెయ్యాలి.

వడ్లగదిలో అట్టలు గుండ్రంగా నిలబెట్టి, కింద ఊక పోసి, పైన పాత పేపర్లు పరిచింది. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, వారానికి 5 చొప్పున తగ్గించాలి అని నేను పుస్తకంలో చదివి వినిపించాను. అమ్మ దగ్గర థర్మామీటర్ లేదు. పిల్లలు బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కితే చలి, అంచులకి పోయి నోళ్ళు తెరిస్తే వేడి, సమంగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. బల్బు తాడుని ఎత్తుతూ దించుతూ రాత్రి రెండుసార్లు లేచి చూసుకునేది.

నాలుగో వారంలో నాన్న గొడవ మొదలుపెట్టాడు. “ఆదివారం చుట్టాలొస్తున్నరు. ఇల్లంత కంపు. బయట పెట్టుండ్రి.”

“సగం ఈకలే వచ్చినయి. ఇంకో రెండు వారాలాగాలె” అంది అమ్మ.

నేను నాన్న పక్షాన మాట్లాడాను. నా గది ఆ గది పక్కనే, వాసన నాకూ పడట్లేదు. “నాలుగు వారాలకి మార్చొచ్చని పుస్తకంలో ఉందమ్మా” అన్నాను. ఆ వాక్యంలో ‘ఎండాకాలంలో అయితే’ అని కూడా ఉంది. అది చదవలేదు. అప్పుడు ఆగస్టు.

ఆ రాత్రంతా ముసురు. తెల్లారి చూస్తే గూడు మూలలో తొమ్మిది పిల్లలు చచ్చి ఉన్నాయి. చలికి అన్నీ ఒకచోట కుప్పపడితే కిందవి ఊపిరాడక పోయాయి. “ఆడోళ్ళ యవ్వారం గిట్లనె ఉంటది” అన్నాడు నాన్న. అమ్మ మాట్లాడకుండా తొమ్మిదింటినీ నిమ్మచెట్టు కింద పాతిపెట్టి, మిగిలిన ఇరవై ఒకటిని మళ్ళీ బల్బు కిందికి తెచ్చింది. ఆ ఆదివారం చుట్టాలు రానేలేదు.

రెండు రోజుల తర్వాత నేనే అడిగాను, నామీద కోపం లేదా అని. “చదువుకున్నదానివి గదా అని ఊకున్న బిడ్డా” అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఈసారి తొందరపడలేదు. ముందు పగటిపూట బల్బు తీసేసింది. ఎండపొడ ఉన్న రోజుల్లో రెండు గంటలు గంప కింద పెరట్లో ఉంచి, మెల్లగా సాయంత్రం దాకా పెంచింది. గూటిలో నాలుగు మూలల్లోనూ అట్టలు వంచి పెట్టింది. మూల లేకపోతే కుప్పపడవు. ముంగిస దూరే సందులకి తన డబ్బుతో జాలి కొట్టించింది. ఆరో వారం దాటి మెడకీ వీపుకీ ఈకలు నిండాక, వాన లేని రోజు చూసి, పొద్దున్నే మార్చింది. కొత్త చోటు చూసుకోవడానికి వాటికి పగలంతా ఉంటుందని. లోపల వాడిన నీళ్ళ గిన్నెనే, సొట్టపడ్డదాన్నే, గూటిలో పెట్టింది.

పదిహేనేళ్ళప్పుడు నన్ను ఇంటర్ హాస్టల్లో దింపిన రోజు అందరికీ కొత్త దుప్పట్లుంటే నాకు మాత్రం ఇంట్లో కప్పుకున్న పాతదే పెట్టింది. నెలరోజులు అలిగి ఉత్తరం రాయలేదు.

మూడు రోజులు గూటిలోనే ఉంచి నాలుగోరోజు తలుపు తీసింది. పగలంతా బాగానే తిరిగాయి. పొద్దుగూకేసరికి ఇరవై ఒకటీ వచ్చి వడ్లగది కిటికీ కింద నిలబడ్డాయి. అమ్మ ఒక్కొక్కదాన్నే పట్టి గూటిలో పెట్టింది. మర్నాడూ అంతే. ఐదో సాయంత్రానికి పదిహేడు వాటంతటవే ఎక్కాయి. నాలుగు కిటికీ కిందే ఉన్నాయి. అమ్మ గడప మీద కూర్చుని కదల్లేదు.

“వాటిని నువ్వు పట్టు” అంది.

అన్నాళ్ళలో నేనొక్కదాన్ని కూడా చేత్తో పట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. వంగాను.

“రెండు చేతుల్తోని. రెక్కలు నొక్కకు.”