ఆగడానికి ఎన్ని అడుగులు?

మంచు విషయంలో మన భాషకు కొంత పిసినారితనం ఉన్నది. లంబసింగిలో తెల్లవారుజామున దారి కనబడకుండా కమ్మేదీ మంచే, గడ్డిపరక మీద మెరిసేదీ మంచే, హిమాలయాల మీద తరాలుగా పేరుకున్నదీ మంచే. సంస్కృతాన్ని ఆశ్రయిస్తే నీహారమనీ, తుహినమనీ, హిమమనీ దొరుకుతాయి గాని, కారు నడిపేవాడికి అవి అక్కరకు రావు. పన్నెండేళ్ళుగా మిన్నెసోటాలో చలికాలాలు గడుపుతున్నవాణ్ణి కనుక సొంతంగా ఒక చిన్న నిఘంటువు తయారు చేసుకున్నాను. అప్పుడే రాలి, ఊదితే ఎగిరిపోయేది పిండిమంచు. ఉప్పు చల్లిన తరువాత సగం కరిగి చక్రాల కింద చిందేది బురదమంచు. వందల కార్లు తొక్కి తొక్కి అరుగులా గట్టిపరచినది తొక్కుడుమంచు. నాలుగోది కంటికి కనబడదు. తడిసిన తారురోడ్డులా అమాయకంగా ఉంటుంది. చలి మరీ ముదిరినప్పుడు ఉప్పు పనిచేయదు. ముందు పోయే కార్ల పొగగొట్టాల నుంచి వచ్చిన ఆవిరే రోడ్డు మీద పల్చగా గడ్డకడుతుంది. ఇక్కడివారు దానిని బ్లాక్ ఐస్ అంటారు. నేను గాజుమంచు అంటాను. ఇంతకంటే మంచి మాటలు తోచినవారు చెబితే సంతోషిస్తాను.

2022 నవంబరు వరకు ఈ నాలుగింటితో నా పరిచయం మాటల వరకే. అంతకుముందు నడిపిన పాత కారు మెల్లగా కదిలేది, మెల్లగా ఆగేది, నా అజ్ఞానాన్ని కడుపులో పెట్టుకుని కాపాడేది. ఆ ఏడాది మే నెలలో దాన్ని అమ్మివేసి టెస్లా మోడల్ 3 పెర్ఫార్మెన్స్ కొన్నాను. నలభై దాటిన మగవాడికి వచ్చే వికారాలలో ఇదొకటని మా ఆవిడ నిర్ధారణ. నేను ఖండించలేదు. నిలబడినచోటి నుంచి గంటకు 60 మైళ్ళ వేగం అందుకోవడానికి 3.1 సెకన్లు చాలునని తయారీదారు ప్రకటన. ఆ అంకెను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

సెప్టెంబరులో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న నర్సీపట్నం డిపోలో ఇరవై ఏడేళ్ళు ఆర్టీసీ డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. అందులో సగానికి పైగా చింతపల్లి సర్వీసు. అంటే లంబసింగి మీదుగా ఘాట్ రోడ్డు. పొగమంచు దట్టంగా ఉన్న రోజుల్లో కండక్టరు దిగి టార్చిలైటు పట్టుకుని ముందు నడిస్తే, నాన్న బస్సును అతని వెనకాలే నడిపించేవాడట. బండి ఎక్కే ముందు ఒక ఇనుప కడ్డీ తీసుకుని చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కొక్క టైరునూ కొట్టి చప్పుడు వినేవాడు. చిన్నప్పుడు నేను అది కూడా ఏదో ప్రదక్షిణమనే అనుకున్నాను.

వచ్చిన వారానికే ఆయనను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు చూసి పెడలు అదిమాను. తల వెళ్ళి సీటుకు అతుక్కున్నది. మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. నాన్న కళ్ళజోడు సర్దుకుని, "బాగుందిరా. మరి ఆగడానికెంత?" అన్నాడు.

నాకు తెలియదు. ఆ అంకె ఎప్పుడూ వెతకలేదు.

నవంబరు మధ్యలో ఒక కార్తీక సోమవారం మాపుల్ గ్రోవ్‌లోని దేవాలయానికి బయలుదేరాము. నాన్న ఉపవాసం, దర్శనం చేసుకుని వచ్చి భోజనం చేస్తానన్నాడు. రోడ్డు మీద అంగుళం కూడా లేని మంచు, ఆ సీజనుకు తొలి మంచు. 494 మీద అందరూ 40 మైళ్ళలో పోతుంటే నేనూ అలాగే పోయాను. ఏ ఇబ్బందీ లేదు. మోటారు శక్తిని నాలుగు చక్రాలకూ పంచే కారు గనుక కదలడంలో ఎక్కడా తొణకలేదు. అదే మోసం. రోడ్డు దిగే ర్యాంపు దగ్గర స్టీరింగు కుడికి తిప్పాను; చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు. బ్రేకు మీద కాలు వేస్తే పాదం కింద గడగడమని వణుకు, కారు మాత్రం తనకేమీ పట్టనట్లు తిన్నగా పోతోంది. ఆ రెండు మూడు సెకన్లలో నేను చూసినది రోడ్డును కాదు, నాన్న కుడికాలిని. లేని బ్రేకును వెతుకుతూ అది నేలకేసి నొక్కుకుపోయి ఉన్నది. ర్యాంపు పక్కన గడ్డినేల మీదికెక్కి, ఒక సైన్‌బోర్డు స్తంభానికి రెండడుగుల దూరంలో కారు ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కారుకు గీత కూడా పడలేదు. కాని ఆ రెండడుగులు నాన్న కూర్చున్న తలుపు వైపువి.

నాన్న మంకీక్యాపు సర్దుకుని దిగాడు. స్తంభాన్ని చూడలేదు, నన్ను చూడలేదు. వంగి ముందు టైరు మీద బొటనవేలి గోరు గుచ్చి చూశాడు. దిగలేదు. "ఒరే, ఇది చెక్కలాగుంది. ఏం టైర్లివి?" అన్నాడు. కారుతో వచ్చినవేనన్నాను. "వచ్చినవి సరే. ఈ ఊరికి వేసినవేనా?"

ఇంటికి 20 మైళ్ళ వేగంతో తిరిగివచ్చాము. దర్శనం కాలేదు. ఆ రాత్రి నాన్న ఇంట్లో దీపానికి దణ్ణం పెట్టుకుని తిన్నాడు. మావయ్యగారిని కూర్చోబెట్టుకుని చేసే పనేనా అని మా ఆవిడ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ కారుకు వచ్చినవి వేసవి టైర్లు. వేడి రోడ్డును అతుక్కుని పట్టడానికి చేసిన రబ్బరు అది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ నుంచే దానికి మెత్తదనం తగ్గుతుంది. సున్నాకు దిగువన 7 డిగ్రీల ప్రాంతంలో పగుళ్ళు తీసే ప్రమాదం కూడా ఉన్నదని తయారీదారులే హెచ్చరిస్తారు. ఈ నగరంలో 2019 జనవరి 30న సున్నాకు దిగువన 33 డిగ్రీలు నమోదైంది. ఇవన్నీ కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ, అంతర్జాలంలోనూ ఉన్నవే. మే నెలలో కొన్నవాడికి నవంబరు గుర్తురాలేదు, అంతే. 1,840 కిలోల ఇనుమూ బ్యాటరీలూ చివరికి నాలుగు అరచేతులంత రబ్బరు మీద నిలబడి ఉంటాయి. ఆ రబ్బరు కర్రగా మారితే ఎన్ని మోటార్లుండి ఏం లాభం? ఇంట్లో పులి, వీధిలో పిల్లి.

మరునాటి నుంచి భోజనాల బల్ల మీద టైర్ల పరిశోధన మొదలైంది. నేను చదివి తెలుగులో చెప్పడం, నాన్న ప్రశ్నించడం. ఆల్ సీజన్ అంటే ఏమిటన్నాడు. అన్ని ఋతువులకూ పనికివచ్చేవన్నాను. "ఎవరి ఋతువులు?" అన్నాడు. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలున్న టైరు బురదకూ మంచుకూ పనికివస్తుందన్నాను. ఎవరు పరీక్షించారన్నాడు. వెతికితే ఆ అక్షరాలకు ట్రెడ్డు గీతల ఆకారమే ఆధారమనీ, పరీక్షంటూ ఏమీ లేదనీ తేలింది. మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచుపలుకు ఉన్న గుర్తు ఒకటి 1999లో వచ్చింది. దానికి మాత్రం పరీక్ష ఉన్నది. సంతోషించేలోపే మరో సంగతి బయటపడింది: అమెరికాలో ఆ గుర్తు కోసం కొలిచేది తొక్కుడుమంచు మీద బండి ముందుకు కదలడానికి దొరికే పట్టును. ఆగడాన్ని కాదు. గాజుమంచు మీద ప్రవర్తనను అసలే కాదు. నాన్న నవ్వాడు. "ఇక్కడ కూడా ఎవడూ ఆగడం లెక్కపెట్టలేదన్నమాట."

మేకులు దిగ్గొట్టిన టైర్లు గాజుమంచును బాగా పట్టుకుంటాయి గాని రోడ్లను గీకివేస్తాయి; మిన్నెసోటా వాసులకు అవి చట్టరీత్యా నిషిద్ధం. ఇక మిగిలినవి మేకులు లేని చలికాలపు టైర్లు. వీటి రబ్బరులో సిలికా ఎక్కువ; గట్టి చలిలోనూ మెత్తగా ఉంటుంది. ట్రెడ్డు దిమ్మెల మీద వెంట్రుకల్లాంటి సన్నని చీలికలు వందల కొద్దీ ఉంటాయి. మంచు వాటిలో ఇరుక్కుంటుంది, మంచును మంచే పట్టుకుంటుంది.

తరువాతి చిక్కు కొలతలది. కారుతో వచ్చినవి 20 అంగుళాల చక్రాలు; వాటి టైర్లు 235/35, అంటే పక్కగోడ ఎత్తు 8 సెంటీమీటర్ల చిల్లర. మార్చి నెలలో మంచు కరిగినప్పుడు ఈ ఊరి రోడ్లలో పడే గుంతలకు అంత పల్చని గోడ నిలవదు. 18 అంగుళాలకు దిగితే 235/45 వేయవచ్చు, గోడ 10 సెంటీమీటర్లు దాటుతుంది. అయితే ఈ రకం కారుకు బ్రేకులు పెద్దవి కనుక 18 అంగుళాల చక్రాలన్నీ పట్టవు. పట్టేవి చూసి ఎంచుకోవాలి. బరువైన కారు కాబట్టి టైరు మోయగల బరువు అంకె కూడా చూడాలి. వెడల్పు టైరు వేస్తే పట్టు ఎక్కువ కదా అని నేను అనుకునేవాణ్ణి. వదులు మంచులో వెడల్పు టైరు పైకి తేలుతుంది. సన్ననిది కోసుకుని కిందికి దిగుతుంది. ఈ మాట నాన్నకు చదివి వినిపించనక్కరలేకపోయింది. ఘాట్‌లో వానాకాలం బురద ఆయనకు ఎప్పుడో నేర్పింది.

చివరికి ఫిన్లండు దేశపు నోకియన్ వారి హక్కపెలీటా టైర్లు ఎంచుకున్నాము. ఆ పేరు పలకడానికి నాన్నకు రెండు రోజులు పట్టింది. పూర్వం ఐరోపాలో ముప్పై ఏళ్ళ యుద్ధంలో పోరాడిన ఫిన్లండు ఆశ్వికులకు ఆ పేరుండేది. ఆయనకు నచ్చింది అది కాదు. ఆ సంస్థ 1934లో ప్రపంచంలోనే మొదటి చలికాలపు టైరు చేసిందనీ, చేసింది కారుకు కాదు, లారీకి అనీ చెప్పగానే, "అయితే తీసుకో" అన్నాడు. రెండు చాలవా అని నేను గొణిగితే, వెనక రెండు మాత్రం పట్టి ముందు రెండు జారితే ఎటు పోతావో ర్యాంపు దగ్గర చూశావు కదా అన్నాడు. చక్రాలతో కలిపి దాదాపు 1,900 డాలర్లు అయింది. అప్పటికే టైర్ల దుకాణాల ముందు వరుసలు. మూడు వారాలు ఆగాలన్నారు. ఆ మూడు వారాలూ కారు గరాజు దాటలేదు.

ఆ చలికాలం మామూలుది కాదు. జంటనగరాల్లో 90 అంగుళాలకు పైగా మంచు పడింది. రికార్డుల్లో మూడో స్థానం. ఏడున్నర అడుగులన్నమాట. కొత్త టైర్లు వేసిన మొదటి ఆదివారం నాన్న తనే బయలుదేరదీశాడు. మా ఇంటి దగ్గర ఒక పెద్ద ఖాళీ పార్కింగ్ స్థలం, అంతటా తొక్కుడుమంచు. చెత్తబుట్ట ఒకటి గుర్తుగా పెట్టి, అది దాటగానే బ్రేకు పూర్తిగా నొక్కమన్నాడు. నేను నొక్కడం, ఆయన బుట్ట దగ్గర నుంచి కారు వరకు అడుగులు లెక్కపెడుతూ నడవడం. 20 మైళ్ళ వేగంలో 18 అడుగులు. 30లో 40 అడుగులు. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం రెండింతలు దాటింది. నేను భౌతికశాస్త్రం చెప్పబోయాను, ఆయన వినిపించుకోలేదు. కాగితం మీద రాసుకుంటున్నాడు. ఒక మూల నీళ్ళు నిలిచి గాజుమంచు కట్టినచోట, అదే 20 మైళ్ళకు 45 అడుగులు. ఇవి వాటికోసమే చేసిన టైర్లతో వచ్చిన లెక్కలని గమనించాలి. ర్యాంపు దగ్గర నాకు ఎన్ని అడుగులు కావలసి ఉండెనో లెక్క కట్టాలనిపించలేదు.

చలిలో ఈ కారుకు మరో స్వభావం ఉన్నది. పెడలు మీద కాలు తీయగానే మోటారే వెనక్కు లాగి కారును నెమ్మదింపజేస్తుంది, ఆ శక్తి బ్యాటరీలోకి పోతుంది. బ్యాటరీ చల్లబడి ఉంటే ఆ శక్తిని తీసుకోలేదు. వేసవి అంతా ఒకే పెడలుతో నడపడం అలవాటైన కాలికి జనవరి తెల్లవారుజామున హఠాత్తుగా కారు ఆగనని మొండికేసినట్లుంటుంది. ప్లగ్గులో ఉండగానే బ్యాటరీని ముందుగా వేడిచేసుకోవాలి. కదలికను నెమ్మదిరకానికి మార్చుకోవాలి. ప్రయాణదూరం మూడింట ఒక వంతు తగ్గినా ఏడవకూడదు. 3.1 సెకన్ల అంకె డిసెంబరు నుంచి మార్చి వరకు నేను ఎవరికీ చెప్పను.

2023 మార్చిలో వాళ్ళు తిరిగివెళ్ళారు. విమానాశ్రయానికి వెళ్ళే దారిలో కూడా నాన్న కుడికాలు అప్పుడప్పుడు నేలను నొక్కుతూనే ఉన్నది. కాగితాన్ని మడిచి డ్యాష్‌బోర్డు అరలో పెట్టి వెళ్ళాడు.

మా అమ్మాయికి ఈమధ్యనే పదహారు నిండాయి. లైసెన్సు వచ్చింది. ఈ 2025 చలికాలంలో బడికి తానే నడుపుకుంటూ వెళతానన్నది. కాగితం తీసి చూపించి, అదే పార్కింగ్ స్థలానికి తీసుకువెళ్ళాను. బుట్ట పెట్టాను. 20 మైళ్ళ వేగంలో బ్రేకు నొక్కింది. నడిచాను. 23 అడుగులు. పిల్లకు బ్రేకు మీద ఇంకా కాలు కుదరలేదనుకుని మళ్ళీ చేయించాను. 24. నేను నడిపాను, తాను నడిచింది. ఆమె అడుగు చిన్నది కనుక 27.

ఆ రాత్రి ఫోనులో నాన్నకు లెక్కలు చెప్పాను. నర్సీపట్నంలో అప్పుడు తెల్లవారుతోంది. "పిల్లది కాదురా తప్పు. ట్రెడ్డు కొలిచావా?" అన్నాడు. గరాజులోకి వెళ్ళి కొలిస్తే 5 మిల్లీమీటర్లు కూడా లేదు. చట్టం ఒప్పుకుంటుంది గాని, మంచు ఒప్పుకునే లోతు కాదు. మూడు చలికాలాలకే ఇంత అరుగుదల ఎందుకంటే, 2023-24లో ఇక్కడ చలి రాలేదు. రికార్డుల్లోకెల్లా వెచ్చని చలికాలం అది. మంచు లేని పొడిరోడ్డు మీద ఆ మెత్తని రబ్బరును వేసుకుని నేను నెలల తరబడి తిరిగాను.

కొత్తవాటికి చెప్పాను. దుకాణంలో మళ్ళీ వరుస. పది రోజులు పడుతుందన్నారు. అంతవరకు అమ్మాయి బస్సులోనే బడికి వెళుతోంది. నా మీద అలిగి, ఆ కోపం తాతయ్యకు ఫోను చేసి చెప్పుకున్నది. బస్సు టైర్లు ఎలా ఉన్నాయని ఆయన అడిగాడట.