చిడియా టాపులో అమావాస్య రాత్రులు

అండమాన్, నికోబార్ దీవుల సీతాకోకచిలుకలు, మాత్‌ల గురించి ఫ్రెడరిక్ మూర్ 1877లో లండన్ జూలాజికల్ సొసైటీ సంచికలో రాశాడు. హాంప్సన్ 1892–96 మధ్య బ్రిటిష్ ఇండియా మాత్‌లను నాలుగు సంపుటాల్లోకి ఎక్కించాడు. ఈ దీవుల్లో ఒక మాత్ పేరు తేల్చాలంటే ఇప్పటికీ ఆ పాత పుటలు తిరగేయక తప్పదు.

విశాఖ నుంచి ఓడలో పోర్ట్ బ్లెయిర్‌కు రెండు రోజులకు పైగా ప్రయాణం. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఉండడంతో బజారులో తెలుగు చెవినపడుతుంది. అక్కడి నుంచి రోడ్డు దక్షిణ అండమాన్ చివరన ఉన్న చిడియా టాపుకు చేరుస్తుంది. చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే అక్కడ చీకటే. మాత్‌లను రప్పించేందుకు అడవిలో దీపం పెట్టాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

రెండు చెట్ల మధ్య తెల్లదుప్పటి కట్టి, ముందు మెర్క్యురీ బల్బు వేలాడదీస్తారు. వెన్నెల లేని, గాలి ఆడని ఉక్కరాత్రి అయితే మంచిది. మా దుప్పటి మీద ముందుగా వాలినవి గోరంత కూడా లేని గడ్డిమాత్‌లు. వాటి వెనకే జియోమెట్రిడ్‌లు వచ్చాయి. రెక్కలు పూర్తిగా పరిచి బట్టకు అతుక్కుపోతే, వాటిలో చాలావాటికి ముందు రెక్క మీది గీత వెనక రెక్కలోకి తెగకుండా సాగుతుంది. కొమ్మ మీద ఆగిన హాక్‌మాత్ ఎగిరే ముందు చాలాసేపు రెక్కలు వణికించింది. ఎగరడానికి కావలసిన వేడి కండరాలకు ఆ వణుకుతోనే అందుతుంది. లిస్సా జంపా అనే పెద్ద మాత్ వచ్చి వాలినప్పుడు మాత్రం మిగతావన్నీ చిన్నబోయాయి. అరచేతిని మించిన గోధుమరంగు రెక్కలు, వాటికి అడ్డంగా తెల్లచార, వెనక తోకలు. దాన్ని చూడటానికైనా ఇంత దూరం రావచ్చు.

పెద్దవాటి పేర్లు తేలిక. చిక్కంతా చిన్నవాటితోనే. ప్రధాన భూభాగం పుస్తకంలో పోలిక దొరికిందని ఆ పేరే పెట్టేయడం తగదు. సముద్రం వేరుచేసిన చోట కొన్ని జాతులు వేరుగా రూపొందాయి: అట్లాస్ మాత్‌కు చుట్టమైన అట్టాకస్ మెక్‌ముల్లెనీ అండమాన్‌లో తప్ప మరెక్కడా లేదు. వాట్సన్ దాన్ని 1914లో వర్ణించాడు. పైకి ఒకేలా కనిపించే జాతులను విడదీయడానికి జననాంగాల నిర్మాణం పరిశీలించాలి, లేదా సీఓఐ జన్యువులో 658 అక్షరాల వరుస చదవాలి. ఫొటో ఒక్కటే ఉంటే ప్రజాతి దగ్గర ఆగిపోవడమే నిజాయితీ. తప్పుడు జాతి పేరు ఒకసారి జాబితాలోకి ఎక్కితే దశాబ్దాలు తిరుగుతుంది.

అందుకే ప్రతి ఫొటోలో కొలబద్ద ఉండాలి. రెక్కల పైభాగం, అడుగుభాగం, మీసాలు విడివిడిగా తీయాలి. తేదీ, గంట, చోటు, సముద్రమట్టం నుంచి ఎత్తు, దీపం రకం అక్కడికక్కడే రాసుకోవాలి. తెల్లవారకముందే బల్బు ఆర్పి, దుప్పటి మీద మిగిలినవాటిని పొదల్లోకి దులపాలి. ఆలస్యమైతే పక్షులు వచ్చి ఏరుకు తింటాయి.