పనిచేసిందని కూడా రాయాలి

విజయవాడ
5 అక్టోబరు 2008, ఆదివారం

గురువారం ఉబుంటు లినక్స్ 8.10 బీటా వచ్చింది. కాలేజీ లాబ్‌లో సీడీ రాసి తెచ్చుకున్నాను. ఈసారి నేను చూడదలచుకున్నది వెబ్‌క్యామ్‌ల సంగతే. లినక్స్‌లో పాటలొస్తాయి, ప్రింటర్ నడుస్తుంది, నెట్ తెరుచుకుంటుంది. కెమెరా దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా కాలేజీ పిల్లలు మళ్లీ విండోస్‌లోకి వెళ్తారు. ఒకసారి వెళ్లినవాళ్లు తిరిగి రారు.

కెమెరాను డబ్బా మీద పేరుతో గుర్తుపట్టలేం. ఒకే పేరుతో అమ్మే రెండింటిలో రెండు వేర్వేరు చిప్‌లుండొచ్చు. నమ్మాల్సింది యూఎస్‌బీ నంబరునే. టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొడితే నాలుగేసి అక్షరాల జంట కనిపిస్తుంది: మొదటిది తయారీదారుది, రెండోది ఆ వస్తువుది. లాబ్‌లో ఉన్న చవక కెమెరా నంబరు 0ఏసీ8:305బీ. తగిలించగానే దీపం వెలిగింది, బొమ్మ వచ్చింది. డ్రైవర్ కోసం నెట్‌లో వెతికే పనే పడలేదు.

10 అక్టోబరు, శుక్రవారం

నిన్న విజయదశమి. ఊరంతా కొండ మీదా, కృష్ణ ఒడ్డునా ఉంది. అమెరికాలో అదే తేదీన లినక్స్ 2.6.27 కెర్నల్ విడుదలైంది. దాంట్లో జీఎస్‌పీసీఏ అనే వెబ్‌క్యామ్ డ్రైవర్ చేరింది. మాలాంటివాళ్లకు అసలు కబురు ఇదే.

ఈ డ్రైవర్ కథ నాకు చాలా ఇష్టం. మొదలుపెట్టింది మిషెల్ జార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు. వృత్తి వైద్యం, ఖాళీ దొరికితే డ్రైవర్లు రాయడం. అలా 200కు పైగా కెమెరాలకు ప్రాణం పోశాడు. దాన్ని తిరగరాసి కెర్నల్‌లో చేర్చే భారం జాన్ ఫ్రాన్స్వా మ్వాన్ తలకెత్తుకున్నాడు. జులైలో వచ్చిన 2.6.26లోనే లారాన్ పాంషార్ రాసిన యూవీసీ డ్రైవర్ చేరింది. యూవీసీ అంటే 2003లో వచ్చిన ప్రమాణం. దాన్ని పాటించే కెమెరాలన్నిటికీ ఒకే డ్రైవర్ చాలు. పాటించని పాత, చవక కెమెరాల దిక్కు జీఎస్‌పీసీఏ. మన బజారులో దొరికేవి ఎక్కువగా ఆ రెండో రకమే.

ఇన్ని కెమెరాలు ఏ ఒక్కరి బల్ల మీదా ఉండవు. రాసినవాడి దగ్గర లేని కెమెరా మన దగ్గర ఉంటుంది. దాని ముందు కూర్చుని ఏం కనిపించిందో చెప్పాల్సింది మనమే.

12 అక్టోబరు, ఆదివారం

పక్కింటి మాష్టారు పిలిచారు. కూతురు డాలస్‌లో ఉంటుంది. మనవడికి ఎనిమిదో నెల. ఆయన కంప్యూటర్‌లో లినక్స్ పెట్టింది నేనే.

"వాడి బొమ్మ మాకొస్తోందమ్మా. మా మొహాలు వాడికెవరు చూపిస్తారు?" అన్నారు. ఆయన భార్య, పిన్నిగారు, కొంగుతో కెమెరా అద్దం తుడుస్తూనే ఉన్నారు. లోపం అద్దంలో లేదు.

నంబరు చూశాను: 093ఏ:2460. అంటే పీఏసీ207 చిప్. కెర్నల్ దాన్ని గుర్తుపట్టింది. వీడియో కాల్ ప్రోగ్రామ్‌లో మాత్రం నల్లటి చదరం తప్ప ఇంకేమీ లేదు. గుర్తుపట్టడం వేరు, బొమ్మ రావడం వేరు. డ్రైవర్ రాసేవాళ్లకు పంపే రిపోర్టులో ఈ రెండూ విడివిడిగా రాయాలి.

18 అక్టోబరు, శనివారం

పిల్లల్ని ఇళ్లలో ఉన్న కెమెరాలు, లాప్‌టాప్‌లు తెమ్మన్నాను. లైవ్ సీడీతో బూట్ చేస్తే హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదని చెప్పాక ధైర్యంగా తెచ్చారు.

ఒకబ్బాయి లాప్‌టాప్‌లో వాడి మొహం తలకిందులుగా వచ్చింది. "మేడమ్, ఇది పనిచేస్తున్నట్టా, చేయనట్టా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. అదే నంబరున్న కెమెరా ఇంకో అమ్మాయి లాప్‌టాప్‌లో నిటారుగానే చూపిస్తోంది. మొదటిదాంట్లో కెమెరాను తిరగేసి బిగించారు. అందుకని కెమెరా నంబరు ఒక్కటే రాస్తే చాలదు, లాప్‌టాప్ మోడల్ కూడా ఉండాలి. లేకపోతే ఒకరికోసం బొమ్మ తిప్పబోయి రెండోవారికి తలకిందులు చేస్తారు.

ఇంకో కెమెరాలో అంతా ఆకుపచ్చగా ఉంది. చిప్ ఒకటే అయినా దానికి తగిలించే సెన్సార్లు రకరకాలు. ఏది ఉందో డ్రైవర్ వాకబు చేసి తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతే రంగులు మారతాయి.

"పనిచేయట్లేదు" అని ఒకడు కాగితం మీద రాసిచ్చాడు. పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయించాను: నంబరు, కెర్నల్ వెర్షన్, ఏ ప్రోగ్రామ్, తెర మీద ఏముంది, డీమెసేజ్ అనే కెర్నల్ సందేశాల జాబితాలో చివరి వరుసలు. అప్పుడది దూరాన కూర్చున్నవాడికి పనికొచ్చే కాగితమైంది.

26 అక్టోబరు, ఆదివారం

మాష్టారింట్లో చిక్కు విడిపోయింది. ఆ చిప్ బొమ్మను తనదైన పద్ధతిలో కుదించి పంపుతుంది. దాన్ని విప్పి మామూలు రూపంలోకి మార్చే పని కెర్నల్‌లో జరగకూడదని నియమం. ఆ పని బయట చేయడానికి హాన్స్ డి గూడె లిబ్‌వీ4ఎల్ అనే లైబ్రరీ రాశాడు. మన కాల్ ప్రోగ్రామ్‌కు పాత పద్ధతి తప్ప తెలియదు. కొత్త డ్రైవర్‌కూ దానికీ మధ్య ఈ లైబ్రరీ దుబాసీలా నిలబడాలి. ఎల్‌డీ ప్రీలోడ్ అనే ఒక్క వరుసతో లైబ్రరీని ముందు ఎక్కించి, ఆ తర్వాత ప్రోగ్రామ్ తెరిచాను. నల్ల చదరం పోయి మాష్టారి కళ్లజోడు, వెనక గోడ మీది క్యాలెండర్ కనిపించాయి. 352×288 చుక్కల బొమ్మే, అయినా మొహం మొహంలా ఉంది.

రాత్రి ఎనిమిదిన్నరకు డాలస్‌లో ఉదయం పది. పిల్లవాడు తెర దగ్గరికి పాకి వచ్చి, తాతయ్య మొహం మీద అరచెయ్యి పెట్టి కొట్టాడట. కూతురు చెప్తుంటే పిన్నిగారు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

ఆ వరుసను ఒక చిన్న ఫైలులో పెట్టి డెస్క్‌టాప్ మీద ఉంచాను. కాని ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు వెళ్లి అది రాసిపెట్టలేరు. లైబ్రరీ దానంతటదే ఎక్కాలని నా రిపోర్టులో స్పష్టంగా రాశాను.

2 నవంబరు, ఆదివారం

గురువారం 8.10 విడుదలైంది. లాబ్‌లో పరీక్షించిన కెమెరాలన్నీ అసలు సీడీతో మళ్లీ చూశాం. ఆకుపచ్చ కెమెరా అలాగే ఉంది. తలకిందులు బొమ్మా అలాగే ఉంది. బాగున్నవి బాగానే ఉన్నాయి.

బాగున్నవాటి గురించి రాయడం దేనికని పిల్లలు అడిగారు. ఈ నెలలో పనిచేసిన కెమెరా ఆరు నెలల తర్వాత వచ్చే కెర్నల్‌లో ఆగిపోవచ్చు. అప్పుడు 2.6.27లో పనిచేసిందన్న మాట ఎక్కడో రాసి ఉంటే, ఆ రెండు వెర్షన్ల మధ్య ఏం మారిందో వెతుక్కుంటారు. రాసి లేకపోతే అది మొదటినుంచీ పనిచేయని కెమెరా అనుకుని పక్కన పెడతారు.

లాబ్ రిజిస్టర్‌లో కెమెరాలకు విడిగా పేజీలు తెరిచాను. నంబరు, లాప్‌టాప్ మోడల్, కెర్నల్, ప్రోగ్రామ్, కనిపించింది ఏమిటి. పనిచేసినా రాయాలి, చేయకపోయినా రాయాలి. ప్రతి కొత్త విడుదలకూ మళ్లీ చూడాలి.