మిత్రోపస్థానం



విశ్వావసు నామ సంవత్సరం ముగియవచ్చింది. మార్చి 19న పరాభవ సంవత్సరాది. ఆనాడు ఆలయంలో పంచాంగ శ్రవణం చేయవలసినవాడిని. పన్నెండు రాశుల ఆదాయవ్యయాలు చదివి వినిపించే ముందు, నా సంవత్సరపు ఆదాయవ్యయాలను ఒకసారి సరిచూసుకోవాలనిపించింది. ఈ ఏడు నాకు ఒక యాత్ర, ఒక కొత్త వ్యాసంగం, ఒక పాత మిత్రుడు లభించారు. ఆ మూడింటికీ మూలం ఒక్కటే.

వేదపాఠశాలలో నాకొక సహాధ్యాయి ఉండేవాడు. ఒకే గురువుగారి వద్ద కృష్ణయజుర్వేదం సంత చెప్పుకున్నాం. పనస పనసకూ కలిసి ఆవృత్తి చేశాం. ఘనపాఠం చెప్పవలసి వస్తే మమ్మల్నిద్దరినీ జంటగా కూర్చోబెట్టేవారు. పందొమ్మిదేళ్ళ క్రితం ఒక సభలో నేను ఒకచోట స్వరం తప్పాను. అతడు అక్కడికక్కడే సవరించాడు. పదిమందిలో అవమానం జరిగిందని భావించి, బయటికి వచ్చాక, "ఇకపై నీ గొంతు నా చెవిన పడనీయకు" అన్నాను. అతడు మారు పలకలేదు. మళ్ళీ నా గుమ్మం తొక్కలేదు. తప్పు నాదేనని ఆ రాత్రే గ్రంథం విప్పి చూసి తెలుసుకున్నాను. అయినా అహంకారం కాలు కదపనీయలేదు.

ప్రాతఃసంధ్యలో మనం ఉపస్థానం చేసేది మిత్రునికి. తైత్తిరీయోపనిషత్తు ఆరంభంలోని శాంతిమంత్రం మొదట స్మరించేదీ మిత్రునినే. ప్రతి ఉదయమూ తూర్పుకు తిరిగి మిత్రదేవతను స్తుతిస్తూ, పందొమ్మిదేళ్ళు మిత్రుని మరచి బ్రతికాను. నా ఉచ్చారణలో లోపం లేదు, ఉపస్థానమే లేదు.

గత సంవత్సరం బృహస్పతి మిథునంలో ప్రవేశించడంతో మే 15 నుండి 26 వరకు సరస్వతీ పుష్కరాలు జరిగాయి. కాళేశ్వరం వెళ్ళాను. గోదావరీ ప్రాణహితలు కలిసే ఆ చోట సరస్వతి అంతర్వాహినిగా ప్రవహిస్తున్నదని మన విశ్వాసం. ఒకే పానవట్టంపై వెలసిన కాళేశ్వర ముక్తేశ్వరులను సేవించుకొని, ఘాట్ మీద పితృకార్యం ముగించాను. అక్కడ పరిచయమైన ఒక వైదికుడు మాటల సందర్భంలో నా సహాధ్యాయి ప్రస్తావన తెచ్చాడు. మంథనిలో ఉంటున్నాడట. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి మాట పడిపోయిందట.

ఆ మాట విన్నాక నిలువలేకపోయాను. నా దుర్వాక్కు వల్లనే అలా జరిగిందని అనను. కర్మగతిని నిర్ణయించే అధికారం నాకు లేదు. కానీ ఆనాడు నేను వద్దన్న ఆ గొంతు ఇప్పుడు ఎంత వేడుకున్నా వినిపించదు.

సాయంకాలానికి మంథని చేరాను. నన్ను చూసి అతడు ఎడమచేయి చాచాడు. దారి పొడవునా కూర్చుకున్న క్షమాపణ నోట రాలేదు. పాదాలు పట్టుకోబోతే అంగీకరించలేదు. రాత్రి డాబా మీద పక్కలు వేశారు. కృష్ణపక్షపు చివరి రోజులు. ఆకాశం నల్లగా, నిర్మలంగా ఉంది. అతడు నా మణికట్టు తట్టి ఆగ్నేయ దిక్కు చూపించాడు. ఎర్రని జ్యేష్ఠకు పైన వంపుగా నిలిచిన తారలు. అనూరాధ. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అనూరాధా నక్షత్రానికి అధిదేవత మిత్రుడు.

అతడు చూపేదాకా అది అనూరాధ అని నాకు తెలియదు. తైత్తిరీయ బ్రాహ్మణంలో కృత్తికలతో మొదలయ్యే నక్షత్ర మంత్రాలు నాకు కంఠస్థం. నిత్యం సంకల్పంలో నక్షత్రం చెబుతాను. తల ఎత్తి చూసింది మాత్రం ఎన్నడూ లేదు. ఆ రాత్రి నుండి అదే నా వ్యాసంగమైంది. ఆలయం మూసిన తరువాత ధ్వజస్తంభం వద్ద నిలబడి, పంచాంగం చెప్పిన నక్షత్రాన్ని చంద్రుని చెంత వెదకుతాను. కార్తికంలో కృత్తికలను గుర్తించిన రాత్రి, చిన్నపిల్లవానిలా మంథనికి ఫోన్ చేశాను. అవతల నుండి మాట రాలేదు, ఊపిరి వినిపించింది. అది చాలింది.

సంక్రాంతి వెళ్ళాక అమావాస్యకు దగ్గర్లో మళ్ళీ మంథని వెళ్ళాను. పునర్వసు రెండు తారల చెంత గురుగ్రహం ప్రకాశిస్తోంది. వేదం పునర్వసును ద్వివచనంలో పలుకుతుంది. ఆ మంత్రాలు అతని ఎదుట చెప్పడం మొదలుపెట్టాను. ఒకచోట అతని చూపుడువేలు క్రిందికి వంగింది. అనుదాత్తం పలకవలసిన చోట పొరబడ్డాను. ఆగి, సరిదిద్దుకొని, మళ్ళీ చెప్పాను. అతడు తల ఊపాడు. అప్పుడు నాకు మాట వచ్చింది. "ఆనాడు తప్పు నాదేనురా" అన్నాను. అతడు నవ్వి, తరువాతి మంత్రం చెప్పమన్నట్లు వేలు ఎత్తాడు. అతని వాక్కు పోలేదు, సరస్వతి వలె అంతర్వాహిని అయింది.

జంటగా ఘన చెప్పే భాగ్యం ఇక మాకు లేదు. ఆ పందొమ్మిదేళ్ళు నా వ్యయం. ఏ ప్రాయశ్చిత్తమూ వాటిని తిరిగి ఇవ్వదు. కనుక సాధకులకు నా విన్నపం ఒక్కటే. సవరించిన మిత్రునిపై అలిగి ఉంటే, ఉగాది పచ్చడి తినేలోగా ఆ గడప తొక్కండి. రేపు ఉదయం సంధ్య వార్చేటప్పుడు మిత్రుని పేరు వచ్చిన చోట ఒక్క క్షణం ఆగి, ఎవరు గుర్తుకు వస్తారో చూడండి.

స్వస్తి.