పేరు చూసి విడిచిపెట్టిన బాలుడు

స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరంలో రెండు పెద్ద ఫుట్‌బాల్ జట్లున్నాయి. రేంజర్స్‌ను ప్రొటెస్టెంట్ల జట్టని, సెల్టిక్‌ను కథోలికుల జట్టని జనం తలచేవారు. 1887లో వాల్‌ఫ్రిడ్ అనే మారిస్టు సహోదరుడు తూర్పు గ్లాస్గోలోని పేదపిల్లలకు అన్నం పెట్టే నిధి కోసం సెల్టిక్‌ను స్థాపించాడు. ఇంత మంచి పనికి పుట్టిన ఆట కూడా కాలక్రమంలో క్రైస్తవులను రెండు గుంపులుగా నిలబెట్టింది. రేంజర్స్ వారైతే కథోలికుడని తెలిసిన ఆటగాణ్ణి ఎన్నో దశాబ్దాలపాటు తీసుకోలేదు. 1989లో మో జాన్‌స్టన్‌ను చేర్చుకొన్నప్పుడు అది పెద్ద సంచలనమైంది.

డానీ మెక్‌గ్రెయిన్ 1950లో ఆ నగరంలోనే పుట్టాడు. ప్రొటెస్టెంటు ఇంటి బిడ్డ. చిన్ననాట రేంజర్స్ అంటేనే అభిమానం. అయితే అతని పూర్తి పేరు డేనియల్ ఫెర్గస్ మెక్‌గ్రెయిన్. ఆ పేరు విని, కథోలిక కుర్రవాడై ఉంటాడనుకొని రేంజర్స్ వారు అతణ్ణి వదిలేశారని చెబుతారు. 1967లో సెల్టిక్ అతణ్ణి చేర్చుకొన్నది. అప్పటి సెల్టిక్ మేనేజరు జాక్ స్టైన్ కూడా ప్రొటెస్టెంటే!

చదువరులారా, ఇది ఎక్కడో జరిగిన సంగతి అని నవ్వుకొని ఊరుకోలేము. ఇంటిపేరు అడిగి మనిషిని తూచే అలవాటు మన ఊళ్ళలో లేదా? ఒక బాలునిలోని నేర్పును చూడవలసిన కళ్ళు అతని పేరు దగ్గరే ఆగిపోతే నష్టపోయేది ఎవరు?

డానీ రైట్‌బ్యాక్ స్థానంలో ఆడే డిఫెండరు. ఎదుటివారి దాడిని ఆపడమే గాక, బంతి తీసుకొని అంచువెంట ముందుకు దూసుకుపోయేవాడు. 1972లో ఫాల్కర్క్ జట్టుతో ఆడుతుండగా తలలు ఢీకొని అతని పుర్రె ఎముక చిట్లింది. కోలుకొని మళ్ళీ ఆడాడు. 1974లో పశ్చిమ జర్మనీలో జరిగిన ప్రపంచకప్ పోటీల్లో స్కాట్లండు ఒక్క ఆటా ఓడకుండానే ఇంటిముఖం పట్టింది. ఆ రోజుల్లో డానీకి తీరని దాహం, బరువు తగ్గిపోవడం. ఇంటికి వచ్చాక పరీక్షిస్తే మధుమేహమని తేలింది. అప్పటికి అతనికి 24 ఏళ్ళు.

ఈ మాట దగ్గర మేమిద్దరం చదవడం ఆపి ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాము. మా చిన్నవాడికి పదకొండవ ఏట ఇదే జబ్బు వచ్చింది. రోజూ ఇన్సులిన్ సూదిమందు తప్పదు. వాడి నాయనమ్మ, “ఇక ఆటలూ పాటలూ వద్దురా నాయనా, ఎక్కడైనా పడిపోతావు” అని కన్నీరు పెట్టుకొనేది. పాఠశాలలో కూడా వాణ్ణి మైదానం పక్కన కూర్చోబెట్టారు. వాడు ఏడవలేదు గాని, మాట్లాడడం తగ్గించాడు. మాకు అదే ఎక్కువ భయం వేసింది. వైద్యుణ్ణి అడిగితే, “తప్పక ఆడనివ్వండి. ఆటకు ముందు రక్తపరీక్ష చేయండి. జేబులో గ్లూకోజు ఉంచండి. వాడి సంగతి తోటి పిల్లలకూ తెలియాలి” అన్నారు.

డానీకి జబ్బు బయటపడిన రోజుల్లో వేలు గుచ్చి ఇంట్లోనే చక్కెర చూసుకొనే చిన్న యంత్రం రోగుల ఇళ్ళకు ఇంకా చేరలేదు. మూత్రపరీక్షతోనే అంచనా వేసుకొనేవారు. అటువంటి రోజుల్లో మొదలుపెట్టి అతడు ఇన్సులిన్ తీసుకొంటూ మరి 13 ఏళ్ళు సెల్టిక్‌కు ఆడాడు. 1977లో కాలికి తగిలిన గాయం వలన 1978 ప్రపంచకప్ పోగొట్టుకొన్నాడు. అయినా 1979లో సెల్టిక్ లీగు గెలిచినప్పుడు నాయకుడు అతడే. 1982లో స్పెయిన్ ప్రపంచకప్‌కు స్కాట్లండు నాయకుడుగా వెళ్ళాడు. సెల్టిక్‌తో 7 లీగు విజయాలు, దేశం తరపున 62 ఆటలు అతని లెక్కలో ఉన్నాయి.

1987లో సెల్టిక్‌ను వదిలి, కొంతకాలం ఆర్‌బ్రోత్ అనే చిన్న జట్టుకు మేనేజరుగా ఉన్నాడు. తర్వాత 1990ల చివరిలో సెల్టిక్‌కే తిరిగివచ్చి యువ ఆటగాళ్ళకు శిక్షకుడై చాలా ఏళ్ళు పనిచేశాడు. పేరు పొందినవారికి ఇది చిన్న పనిగా తోచవచ్చు. వానలో నిలబడి, ఇంకా ఎవరికీ తెలియని కుర్రవాళ్ళకు అడుగు ఎక్కడ వేయాలో చెప్పేవానికి చప్పట్లుండవు. కాని ఆ పిల్లల ముందు నిలబడినవాడు పుర్రె చిట్లినా, కాలు దెబ్బతిన్నా, జబ్బు విడువకపోయినా ఆట విడువనివాడు. ఏ పాఠమూ చెప్పకపోయినా అది ఒక పాఠమే గదా!

మా వాడు ప్రపంచకప్ ఆడతాడని మేము అనుకోవడం లేదు. వాడు మైదానంలో ఉండాలి, అంతే. బిడ్డను కాపాడడం అంటే కూర్చోబెట్టడం కాదని, జేబులో గ్లూకోజు పెట్టి పంపడమని ఇప్పుడు మా ఇంట్లో నాయనమ్మ కూడా ఒప్పుకొంటున్నది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అటువంటి బిడ్డ ఉంటే వాణ్ణి ఆటకు పిలవండి. పేరూ అడగవద్దు, జబ్బునుబట్టి తూచవద్దు. బంతి ఇచ్చి చూడండి.