రెండు మెట్లు, ఒక గడప

గుంటూరులోని ఒక బోధనాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగానికి నేను వెళ్లేసరికి ఉదయం తొమ్మిదైంది. తెల్లకోట్లు వేసుకున్న ఐదుగురు పిల్లలు కేసు షీట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. కీళ్లు ఎంత వంగుతున్నాయో కొలిచే గోనియోమీటర్లు జేబుల్లోంచి బయటికి కనిపిస్తున్నాయి. నాలుగేళ్ల బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదువు ముగించి, పాత పాఠ్యప్రణాళిక ప్రకారం ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు వచ్చినవాళ్లు. ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల విభాగాల్లో వంతులవారీగా పనిచేస్తారు.

ఆ రోజు పోస్టింగు న్యూరోలో. మిర్చియార్డులో హమాలీగా పనిచేసిన పెద్దాయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. ఒక ఇంటర్న్ కేసు చెప్పింది. కండరాల బిగువు యాష్‌వర్త్ స్కేలు మీద 2. పద్నాలుగు పరీక్షల బెర్గ్ బ్యాలెన్స్ స్కేలులో 56కి 31. ఎక్కడా తడబడలేదు. శిక్షణ ఇచ్చే మేడమ్ అంతా విని, "వీళ్లింట్లో బాత్రూము ఎక్కడుంది?" అన్నారు. ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు.

"నన్ను కాదు, ఆయన్ని అడుగు."

అడిగింది. "పెరట్లో తల్లీ. నా అంతట నేను పోయొస్తే చాలు. మా ఆవిడ నన్ను మోయలేకపోతోంది" అన్నాడాయన. బస్తాలు మోసిన మనిషికి మోయించుకోవడం ఎంత బాధో ఆ గొంతే చెప్పింది. పెరటి తలుపుకు గడప, దాని కింద రెండు మెట్లు ఉన్నాయని భార్య చెప్పింది.

అంతే, వ్యాయామం మారిపోయింది. ప్యారలల్ బార్ల మధ్య చెక్క మెట్టు వేశారు. "ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. గుర్తుంచుకో బాబాయ్" అంటూ ఆ అమ్మాయి ఆయనకు ఎడమపక్కన, ఒకడుగు వెనగ్గా నిలబడి నడుముకు కట్టిన బెల్టు పట్టుకుంది. ఆయన తూలగానే భార్య ఉరికొచ్చి ఎడమ చెయ్యి పట్టుకు లాగబోయింది.

"చెయ్యి లాగొద్దు పిన్నీ, భుజం జారుతుంది" అని ఆమె చేతిని తీసి బెల్టు మీద పెట్టింది. పక్షవాతంలో భుజం చుట్టూ కండరాలు బలహీనపడతాయి. చేతి బరువుకే కీలు కిందికి దిగుతుంది. ప్రేమతో లాగినా దెబ్బ దెబ్బే. రేపు ఇంటికెళ్లాక ఆయన పక్కనుండేది భార్యే కాబట్టి పాఠం ఆమెకూ చెప్పాలి.

ఫిజియోథెరపీకి 2025లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌ను ఏడాదికి పెంచింది. పెరిగిన ఆ నెలల్లో పిల్లలు రోగి శరీరంతోపాటు అతని ఇల్లూ తెలుసుకోవాలని నా కోరిక.

పదకొండింటికి లాగ్‌బుక్ సంతకానికి వచ్చింది. బెర్గ్ స్కోరు కింద ఆ అమ్మాయి కొత్తగా ఒక వరస రాసింది: "ఇల్లు: రెండు మెట్లు, ఒక గడప." మేడమ్ ఆ వరస చదివి, దాని పక్కనే సంతకం పెట్టారు.