బండి అమానత్ రా బేటా

మొన్న జుమ్మా నమాజ్ అయినంక కోదాడలో మా తమ్ముడి షెడ్డుకు పోయిన. సెలవు దొరికినప్పుడల్లా పోత. ఆ డీజిల్ వాసన, గ్రీజు వాసన తగిల్తే మా అబ్బా పక్కన కూసున్నట్టే ఉంటది. నేను పోయేసరికి షెడ్డు ముందర ఒక పాత పికప్ ఆగి ఉంది. ముందు నుంచి చూస్తే మహీంద్రా జీపు, వెనక ఇనుప రేకుల ట్రాలీ. బానెట్ మీద చెయ్యి పెడితే తుప్పు అంటుకుంటుంది. పక్కన డెబ్భై దాటిన పెద్దాయన, ఆయన మనుమడు.

మిర్యాలగూడ అవతల, సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు వాళ్లది. పెద్దాయన మా తమ్ముడి మొఖం దిక్కు కాసేపు చూసి, "నువ్వు సూర్యాపేట ఉస్తాద్ కొడుకువేనా?" అని అడిగిండు.

"హౌ మామా."

"ఈ ట్రాలీ మీ నాయిన కట్టిందే."

బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చెయ్యాలె, అందుకోసం ఆయన వచ్చిండు. 15 ఏండ్లు దాటిన ప్రైవేటు బండికి ఐదేండ్లకోసారి తప్పని పని అది. 600 ఉన్న ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేసిన్రు. "ఈ బండి ధర కంటె దాని కాయితం ధర ఎక్కువైంది" అని నవ్విండు పెద్దాయన. మనుమడు వచ్చిన పని వేరు. ఫోన్ తీసి మా తమ్ముడికి ఒక వీడియో చూపిచ్చిండు. అండ్ల ఒక జీపు నేలకు మూడడుగుల ఎత్తున నిలబడి ఉంది. ట్రాక్టర్ టైర్లంత టైర్లు, పైన లైట్ల వరుస.

"అన్నా, మన బండి గిట్ల కావాలె. పైసల గురించి ఫికర్ చెయ్యకు."

మా తమ్ముడు ఫోన్ దిక్కు చూసిండు గాని మాట్లాడలే. షెడ్డు కిరాయి రెండు నెలలు బాకీ ఉన్నదని నాకు తెలుసు. బిడ్డ కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది. అసొంటి పని ఒకటి చేస్తే రెండు బాకీలూ తీరుతయి.

*

మా అబ్బా షెడ్డు సూర్యాపేటల, తొమ్మిదో నంబర్ హైవే పక్కన ఉండేది. ఇప్పుడు దాన్నే 65 అంటున్నరు. అటు హైదరాబాద్, ఇటు బెజవాడ, నడుమ మేం. సామాను దొరక్కపోతే అబ్బా పొద్దున బస్సెక్కి రాణిగంజ్‌కో బెజవాడ ఆటోనగర్‌కో పోయి రాత్రికి సంచితోటి తిరిగొచ్చేటోడు.

నేను ఉర్దూ నేర్చుకున్నది కితాబుల కంటె ముందు ఆ షెడ్డులనే. స్క్రూడ్రైవర్ అంటే పేచ్‌కస్, ఆకురాయి అంటే రేతి, సుత్తె అంటే హథోడా, స్పానర్ అంటే పానా. బండి బరువు మోసే పట్టీలను కమాన్ పట్టీలు అంటం. కమాన్ అంటే విల్లు. షెడ్డుకొచ్చే రైతులు, డ్రైవర్లు, తండాల నుంచొచ్చే లంబాడోళ్లు, అందరూ కమాన్ కట్ట అనే అంటరు. అది ఉర్దూ మాట అని ఎవరికీ యాదికుండదు. యాదికి లేకపోవుడే మంచిది అనేటోడు అబ్బా, మాట ఇంటిదైపోయినట్టు.

ఆయనకు బాగా ఇష్టమైన కిస్సా ఇంకొకటుండె. జీపు బానెట్ మీద తట్టి, కొత్తగా పనికొచ్చిన ప్రతి షాగిర్ద్‌కూ చెప్పేటోడు. 1945ల లూధియానాల ఈ కంపెనీ పెట్టినప్పుడు దాని పేరు 'మహీంద్రా అండ్ మహమ్మద్'. ఇద్దరు మహీంద్రా అన్నదమ్ములు, వాళ్లకు జోడీ మలిక్ గులామ్ మహమ్మద్. దేశం రెండైనంక గులామ్ మహమ్మద్ పాకిస్తాన్ పోయి ఆడ మొదటి ఆర్థిక మంత్రి అయిండు, తర్వాత గవర్నర్ జనరల్ కూడ అయిండు. 1948ల కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. రెండు 'ఎం'లు అట్లనే ఉన్నయి. "పెద్దాయన పెద్ద కుర్చీకి పోయిండు. మనం పానా పట్టుకోని ఈడనే ఉన్నం. ఆయన సగం పనిని మనమే కదా చేస్తున్నది?" అని నవ్వేటోడు.

పని మాత్రం సగం చేసేటోడు కాదు. 1967ల సాగర్ నీళ్లు కాల్వలకు వదిలినంక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు నల్లరేగళ్లు వరి మళ్లయినయి. నాట్ల కాలంల మామూలు బండి ఆ బాటల్ల దిగితే ఇరుసు దాక కూరుకుపోయేది. అందుకే ఫోర్‌వీల్ జీపుకు అంత కదర్. వేలంపాటల సర్కారు జీపులు, మిలిటరీ తీసేసిన జోంగాలు కొనుక్కొచ్చేటోళ్లు. జోంగా జబల్‌పూర్ మిలిటరీ ఫ్యాక్టరీల తయారైన బండి. దాని ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ తాగే తాగుడుకు రైతు తట్టుకోలేడు. అది తీసి డీజిల్ ఇంజన్ ఎక్కియ్యాలె. ఇంజన్ మౌంటింగులు మార్చాలె, బెల్ హౌసింగ్‌కు గేర్‌బాక్స్‌కు నడుమ ప్లేటు లేత్ మీద తీపియ్యాలె. వెంట్రుకంత తేడా వచ్చినా క్లచ్ అదురుతది. అబ్బా ఆ ప్లేటును మూడుసార్లు వాపస్ పంపంగ చూసిన నేను.

పాత జీపుల గేర్‌రాడ్ పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లుంటయి. ఒకటి ముందు ఇరుసును కలుపుతది, ఇంకోటి బలాన్ని పెంచి వేగాన్ని తగ్గిస్తది. మొదటిది పడకుండ రెండోది లో గేర్‌ల పడదు. మొత్తం బలం వెనక ఇరుసు ఒక్కదాని మీద పడితే విరుగుతదని అట్ల తయారు చేసిన్రు. తార్రోడ్డు మీద ఫోర్‌వీల్ వెయ్యొద్దని అబ్బా ప్రతి డ్రైవర్‌కూ కసం తీసుకున్నట్టు చెప్పేటోడు. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటె ఎక్కువ దూరం తిరగాలె. ఫోర్‌వీల్‌ల రెండు ఇరుసులూ ఒక్క తీరుగ బిగుసుకోని ఉంటయి. బురదల అయితే చక్రం జారి ఆ తేడా సర్దుకుంటది. తారు మీద జారదు గనక ఆ మెలిక అంతా షాఫ్ట్‌లల్ల, గేర్ల పండ్లల్ల కూసుంటది. అప్పుడు రాడ్ గుంజినా రాదు. నాలుగడుగులు రివర్స్ పోనిస్తేనే వదుల్తది. "జిద్దు చేసేటోని తోటి కూడ గట్లనే, కొంచెం వెనకకు రావాలె" అనేది మా అమ్మీ, అబ్బాను చూపిచ్చి.

*

అబ్బా జిద్దు ఒక జనవరిల విరిగింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి.

ఒకాయన తన జీపును పికప్ చేసి, ట్రాలీ మూడడుగులు పొడుగు చెయ్యమన్నడు. అబ్బా చాసిస్‌ను వెనక ఇరుసు అవతల కోసి, అంతే మందం ఉన్న ఇనుము కలిపి, లోపల ప్లేటు పెట్టి వెల్డింగ్ చేసిండు. చూస్తే అతుకు కనపడదు. షాగిర్దులందరు వాహ్ ఉస్తాద్ అన్నరు. గాని వెల్డింగ్ వేడి తగిలిన కాడ, అతుకు పక్కనున్న ఇనుము గుణం మారుతది. బయటికి మంచిగనే ఉంటది, ఊగి ఊగి ఒకనాడు పగుల్తది. ఇంకో ఆఫత్ కూడ ఉంది. వెనక ఇరుసు అవతల బరువు పడితే ముందు చక్రాలు తేలికైతయి, స్టీరింగ్ మాట వినదు.

జాన్‌పహాడ్ దర్గా ఉర్సు దినాలవి. కందూరు చేస్తమని మొక్కుకున్న ఇండ్లు మేకలు, గంజులు, కట్టెలు, పిల్లాజెల్లా అంతా బండ్ల మీదనే కదా పోయేది. హిందువులు, ముస్లింలు అని తేడా లేకుండ పోతరు. ఆ పికప్‌ల కూడ ఒక మొక్కు కుటుంబం ఎక్కింది. నేరేడుచర్ల దాటినంక ఒక మోరీ కాడ గుంతల పడి, అతుకు కాడ చాసిస్ వంగిపోయింది. బండి పొలంల బోర్ల పడ్డది. అల్లా కరమ్, జాన్‌లు పోలే. ఎనిమిదేండ్ల పిల్లగానికి కాలు మూడు చోట్ల విరిగింది. తర్వాత కుంటుకుంటనే నడిచిండు.

అందరు అబ్బా తరఫునే మాట్లాడిన్రు. "అంతమంది ఎక్కితే ఏ బండి ఆగుతది ఉస్తాద్? నీ తప్పేముంది?" అన్నరు. అబ్బా ఒప్పుకోలే. "వాళ్లు ఎక్కుతరని నాకు తెల్వదా?" అన్నడు. ఆ ఒక్క మాటకు ఎవరి దగ్గరా జవాబు లేకుండె. అమ్మీ గాజులు అమ్మి దవాఖాన ఖర్చు ఇచ్చిండు. నలభై రోజులు షెడ్డు తెరవలే.

మళ్ల తెరిచిన నాడు నన్ను, తమ్ముణ్ణి కూసోబెట్టి చెప్పిండు. "బండి అమానత్ రా బేటా. మన దగ్గర రెండు రోజులుంటది, వాపస్ పోతది. తెచ్చినోడు మనకు కనపడ్తడు, పైసలు ఇస్తడు. రేపు దాంట్ల ఎక్కెటోళ్లు మనకు కనపడరు. అమానత్‌ల ఖయానత్ చేస్తే ఆ కనపడనోళ్లకే తగుల్తది." ఆ తర్వాత ఆయన చేతుల మీద ఒక్క చాసిస్ కూడ తెగలే. విప్పి మళ్ల పాత తీరుగ పెట్టలేని పని ఏదైనా సరే, చెయ్యనన్నడు. గిరాకీ సగం పోయింది. నా చదువు ఎట్లనో సాగింది గాని, తమ్ముడు పదో తరగతి కాడ ఆపి పానా పట్టిండు. ఈ సంగతి రాస్తుంటే నాకు ఇప్పటికీ సిగ్గయితది.

*

మొన్నటి కాడికొస్త. తమ్ముడు జవాబియ్యకుండనే పికప్ కిందికి దూరిండు. నేను చిన్నప్పటి లెక్క లైటు పట్టుకున్న.

హ్యాండ్‌బ్రేక్ పట్టుత లేదని పెద్దాయన చెప్పిండు. ఈ పాత జీపులల్ల హ్యాండ్‌బ్రేక్ చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్ట్ కాడ డ్రమ్ముల ఉంటది. అక్కడి ఆయిల్ సీల్ పోతే ఆయిలంతా బ్రేక్ షూల మీదికే కారుతది. అదే అయింది. షాఫ్ట్ క్రాస్‌లు రెండూ అరిగినయి. ఎడమ దిక్కు కమాన్ కట్టల మెయిన్ పట్టీ చిట్లి ఉంది. తర్వాత తమ్ముడు చిన్న హథోడా తీసుకోని చాసిస్ పొడుగూతా తట్టుకుంట పోయిండు. పగులుంటే మోత మారుతది. ఒక కాడ ఆగిండు.

"భాయ్, లైటు ఇటు కొట్టు."

ట్రాలీకీ చాసిస్‌కూ నడుమ కట్టె దుంగలు పరిచి ఉన్నయి. యూ బోల్టులు చాసిస్ చుట్టూ తిప్పి కింద పట్టీలతోటి బిగిచ్చి ఉన్నయి. ఒక్క అతుకు లేదు. బోల్టు కోసం చాసిస్‌కు ఒక్క చిల్లు కూడ పొడవలే. ట్రాలీ పొడుగు వెనక ఇరుసు అవతలికి జానెడు మించలే. జాన్‌పహాడ్ సంగతి తర్వాత చేసిన పని అని మా ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. తమ్ముడు గ్రీజు చేత్తోటే ఆ బోల్టును కాసేపు పట్టుకోని ఉన్నడు.

పెద్దాయన పైనుంచి అన్నడు: "అప్పుడే ఆర్‌సీ బుక్కుల కూడ ఎక్కిపిచ్చిండయ్యా మీ నాయిన. ఎక్కియ్యందే బండి ఇయ్యనన్నడు."

తమ్ముడు బయటికొచ్చి చేతులు తుడుచుకుంట మనుమని పక్కన కూసున్నడు. "చూడు బేటా, బండిని అంత ఎత్తు లేపితే షాఫ్ట్ ఏటవాలు అయితది, క్రాస్‌లు ఆర్నెల్లు కూడ ఆగయి. బరువు పైకి పోతది, మలుపు కాడ బండి ఒరుగుతది. అంత పెద్ద టైర్లేస్తే అవే బ్రేకులు సరిపోవు, మీటర్ చూపిచ్చే స్పీడు కంటె బండి ఎక్కువ ఉరుకుతది."

"మండీ డబ్వాలీల చేస్తున్నరు కదన్నా?"

పంజాబ్, హర్యానా సరిహద్దుల ఉన్న ఆ ఊరు జీపుల తయారీకి దేశమంతా మషూర్. "చేస్తరు. ఆడి కారీగర్లకు నా సలామ్. గాని కంపెనీ ఇచ్చిన ఢాంచా మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టే చెప్పింది. అదే ఏడు చట్టం కూడ మారింది, ఇజాజత్ లేకుండ మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 జుర్మానా, లేకుంటే ఆర్నెల్ల జైలు. జుర్మానా నువ్వు కడ్తవ్ సరే. మీ పొలానికి నాట్లకొచ్చే ఆడోళ్లను ఈ ట్రాలీల ఎక్కియ్యవా?"

పిల్లగాడు తల వంచిండు. ఎక్కిస్తడు. అందరం ఎక్కిస్తం.

"నీకు నేనేం చెయ్యనని అంటలే. కంపెనీ సైజుల్నే బురద టైర్లు ఎయ్యి. ముందర టోయింగ్ హుక్ పెడ్త. కమాన్ పట్టీలు కొత్తవి ఏస్త, బండి దాని అసలు ఎత్తుకు దానంతట అదే లేస్తది. మంచి రంగు కొట్టిపిస్త. ఇవన్నీ విప్పితే విప్పొచ్చు."

నాలుగు రోజుల పని అది. అయినంక తమ్ముడు, పిల్లగాడు బండిని చెరువు కింది బురదల దింపిన్రట. ఫోన్ చేసి చెప్పిండు తమ్ముడు. వెనక చక్రాలు తిరుగుతున్నయి గాని బండి కదల్లేదట. "రెండు రాడ్లూ వెయ్యి" అన్నడట. ముందు చక్రాలు పట్టుకోని, బండి ముసలెద్దు లెక్క మెల్లగ, ఒక్క ఊపు లేకుండ గట్టెక్కిందట. పిల్లగాడు కేకేసి సంబురపడి, అట్లనే తార్రోడ్డు దిక్కు మలిపిండట.

"నేను ఏమన్ననో తెలుసా భాయ్? 'రాడ్ తియ్‌రా, తారు ఎక్కుతున్నవ్!' అని ఒర్రిన. అచ్చం అబ్బా ఒర్రినట్టే వచ్చింది."

బిల్లు ఎంతైందని అడిగిన. చెప్పిండు. షెడ్డు కిరాయికి ఒక నెలది సరిపోయిందట. రెండో నెలది నేను పంపుతనంటే, "కర్జాగ అయితేనే తీసుకుంట" అన్నడు. సరే అన్న. వాపస్ ఇయ్యాల్సింది నేనని వానికి ఎట్ల చెప్పాలె.